పిన్ను దూరినంత మాత్రాన సరిపోదు

మొన్న సెలవుకు విశాఖ వచ్చినప్పుడు, సీతమ్మధారలో మా పక్కింటి పిన్నిగారు కబురు చేస్తే వెళ్లాను. వాళ్ల అబ్బాయి పై చదువుకు అమెరికా వెళ్తున్నాడు, ఇంకో వారమే ఉంది. హాల్లో రెండు సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకదానిలో దుప్పట్ల మధ్య, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు, కొత్త మిక్సీ. దాని పక్కన చిన్న రైస్ కుక్కర్, నీళ్లు కాచుకునే కెటిల్, ట్రిమ్మర్, లాప్‌టాప్ ఛార్జర్. వీటన్నిటి మీద పూర్ణా మార్కెట్లో కొన్న అరడజను అడాప్టర్లు.

"అక్కా, ఇవి తగిలిస్తే మన ప్లగ్గులన్నీ అక్కడ పడతాయట. దుకాణంలో చెప్పారు" అన్నాడు.

పడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. ప్లగ్గు పట్టకపోతే వస్తువు అలా పక్కన పడి ఉంటుంది, ఏ గొడవా లేదు. పట్టిందంటేనే మనకు ధైర్యం వచ్చేస్తుంది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. మన గోడలోంచి వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై కరెంటు తరంగాలు. అమెరికా, కెనడాల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఈ తేడాను ఆ ప్లాస్టిక్ ముక్క పూడ్చలేదు.

"పోనీ, మన ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజర్ లాంటిది కొనిస్తే?" అన్నారు పిన్నిగారు. ఎండాకాలంలో వోల్టేజీ పడిపోయి ఫ్యాను నీరసంగా తిరగడం చూసిన ఇంట్లో రావలసిన ప్రశ్నే. కానీ స్టెబిలైజర్ పని, మన 230 కాస్త అటూ ఇటూ అయినప్పుడు సర్దడం. 120ని 230 చేయాలంటే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వేరే జాతి.

నేనీ పాఠం చట్నీతో నేర్చుకున్నాను. నేను అమెరికా వెళ్లిన కొత్తలో, ఇక్కడినుంచి మోసుకెళ్లిన మిక్సీని అడాప్టర్ తగిలించి ఆన్ చేశాను. రయ్యిమనే మిక్సీ మూలిగింది. కొబ్బరి ముక్కలు జారులో ప్రదక్షిణం చేస్తున్నాయి తప్ప నలగడం లేదు. నేనేమో పట్టు వదలకుండా మూడో నంబరులో పెట్టి, మూత మీద చెయ్యి నొక్కిపట్టి నిలబడ్డాను. బ్లేడు ఆగిపోయింది, మోటారు మాత్రం వేడెక్కుతూ పోయింది. కాలిన వాసన వచ్చాక గానీ ప్లగ్గు పీకాలని తోచలేదు. మిక్సీ మాటెలా ఉన్నా, ఆ రోజు ఇడ్లీలు కారప్పొడితోనే తిన్నాం.

తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. మిక్సీ 750 వాట్లదైతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా 750 వాట్లది చాలదు. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది కాబట్టి 1500 వాట్లది తీసుకోవాలి. ఇటుకల మూటంత బరువు, వంటగట్టు మీద సగం చోటు, పైగా రోజంతా తుమ్మెదలా రొద. రెండేళ్లు భరించి, చివరికి అక్కడి మన సరుకుల కొట్లోనే, ఆ 120 మీద నడిచే 110 వోల్టుల మిక్సీ కొన్నాను. ఆ పని మొదటే చేయవలసింది. మన కంపెనీలు కొన్ని అమెరికా కోసం 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు చేస్తాయి. ఇక్కడే కొని తీసుకెళ్లాలని ఉంటే దుకాణదారు మాట మీద కాదు, మిక్సీని తలకిందులు చేసి అడుగున ఉన్న చీటీ చూసి కొనండి. అట్టపెట్టె మీద రాసింది కూడా నమ్మవద్దు.

ఆ చీటీయే అసలు సంగతి. అబ్బాయి చేత ఒక్కో వస్తువూ తిప్పించి చదివించాను. లాప్‌టాప్ ఛార్జర్ మీద చీమతలకాయంత అక్షరాల్లో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంది. ఫోను ఛార్జర్, ట్రిమ్మర్ ఛార్జర్ కూడా అంతే. ఇలా ఉన్నవాటికి పూర్ణా మార్కెట్ అడాప్టర్ చాలు. రైస్ కుక్కర్ మీద 230 వోల్టులు, 700 వాట్లు అని మాత్రమే ఉంది. వేడిచేసే వస్తువులకు వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, దాదాపు పావు వంతు అవుతుంది. ఆ 700 వాట్ల కుక్కర్ అక్కడ 190 వాట్లదవుతుంది. అన్నం ఉడకదు, బియ్యం నానుతుంది. కెటిల్‌దీ అదే గతి. రెండూ అక్కడ పెద్ద ఖరీదేమీ కాదు, ఇంట్లోనే వదిలెయ్యమన్నాను.

వెట్ గ్రైండర్ మాట వేరు. అందులో ఉండే ఇండక్షన్ మోటారు చాలీచాలని వోల్టేజీకి తిరగను కూడా తిరగదు, గుర్రుమంటూ వైండింగ్ కాల్చుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తిరుగుతుంది, కానీ 60 హెర్ట్జ్ మీద ఇరవై శాతం వేగంగా. ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గానీ హెర్ట్జ్ జోలికి పోదు. ఇది మా నాన్నగారికి తెచ్చిన అలారం గడియారం వల్ల నాకు బుర్రకెక్కింది. ఎర్ర అంకెల అమెరికా గడియారం. జాగ్రత్తగా 230ని 120 చేసే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనిచ్చాను. రాత్రి పదింటికి సరిచేసి పడుకుంటే, తెల్లవారి ఆరింటికి అది నాలుగూ నలభై చూపించింది. అది కరెంటు తరంగాలు లెక్కపెట్టుకుని నడిచే రకం. సెకనుకు అరవై రావలసిన చోట యాభైయే వస్తుంటే గంటకు పది నిమిషాలు వెనకబడింది. "మీ అమెరికా గడియారం బద్ధకంగా ఉందమ్మా" అన్నారు నాన్నగారు.

వెనకబడితే నవ్వుకోవచ్చు. అక్కడి కుక్కర్‌ను ఇక్కడికి తెచ్చి నేరుగా తగిలిస్తే నవ్వు రాదు. 120 వోల్టులకు చేసిన 1000 వాట్ల కుక్కర్ 230 మీద 3600 వాట్లకు పైగా లాగబోతుంది. మా అమ్మకు ప్రేమగా తెచ్చినది అలాగే ఒక్క నిమిషంలో పొగ చిమ్మి నల్లబడింది. అమ్మానాన్నలకు కానుకలు తెచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

బ్రిటన్, దుబాయ్, సింగపూర్, ఆస్ట్రేలియా వెళ్లేవారికి ఇంత బెడద లేదు. అక్కడ కూడా 230 వోల్టులు, 50 హెర్ట్జే, ప్లగ్గు మారిస్తే మిక్సీ ఇంట్లో ఉన్నట్టే తిరుగుతుంది. జపాన్‌లో మాత్రం 100 వోల్టులే. పైగా టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. ఒక్క దేశంలోనే!

ఇంకో జాగ్రత్త. మిక్సీ ప్లగ్గుకు మూడు పిన్నులుంటే అడాప్టర్‌కు కూడా మూడుండాలి. రెండు పిన్నుల చవక రకం ఎర్తింగ్‌ను మింగేస్తుంది. లోపల ఏదైనా తేడా వస్తే లోహపు భాగం ముట్టుకున్న చేతికి షాకు కొడుతుంది.

అమెరికా ఇంట్లో మరికొన్ని వింతలు. గోడ సాకెట్ల పక్కన మనకున్నట్టు స్విచ్చులుండవు, గుచ్చగానే కరెంటు. దీపాల స్విచ్చులు పైకి వేస్తే వెలుగుతాయి. వంటగదిలో సింకు దగ్గరి సాకెట్ మీద రెండు చిన్న మీటలుంటాయి. కరెంటు ఎక్కడో కారుతోందని అనుమానం వస్తే అది తనంతట తానే ఆగిపోతుంది. వెళ్లిన నెలలోనే నాకిలా ఆగిపోతే అపార్ట్‌మెంట్ మరమ్మతు మనిషిని పిలిచాను. ఆయన వచ్చి, రీసెట్ మీటను ఒక్క వేలితో నొక్కి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లవచ్చా అని పిన్నిగారు అడిగారు. నిక్షేపంగా తీసుకెళ్లవచ్చు, దానికి వోల్టులతో పనిలేదు. అయితే అద్దె ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అడుగు అయస్కాంతానికి అంటుకునేది కావాలి. ఫ్రిజ్ మీద అంటించిన బొమ్మ తీసి అక్కడే పరీక్ష చేశాం. అంటుకోలేదు. దాన్నీ పక్కన పెట్టించాను.

మిక్సీ, రైస్ కుక్కర్, కెటిల్, ప్రెషర్ కుక్కర్ బయటికి వచ్చాక సూట్‌కేసు తూకం వేస్తే పదహారు కిలోలుంది. ఇరవైమూడు దాకా చోటు మిగిలిందని తెలియగానే పిన్నిగారు లోపలికెళ్లి ఆవకాయ జాడీ, మాడుగుల హల్వా పొట్లాలు పట్టుకొచ్చారు.