34 ఏళ్లకి పళ్ళకి క్లిప్పులు, తెనాలి ఆచారి గారి కత్తెర

ప్రశ్న: "నాకు 35 ఏళ్లు. ఈ వయసులో వంకర పళ్ళకి క్లిప్పులు పెట్టించుకోవచ్చా? నొప్పి ఎక్కువగా ఉంటుందా? ఆఫీసులో నవ్వుతారేమోనని భయంగా ఉంది."

పెట్టించుకోవచ్చు. నేను 34కి పెట్టించుకుని 36కి తీయించుకున్నాను. నొప్పి ఉంటుంది, కాకపోతే మీరు భయపడుతున్న చోట కాదు. ఆఫీసులో నవ్వుతారు, ఓ వారం పాటు. తర్వాత వాళ్ల గొడవలు వాళ్లకుంటాయి. మీరడిగిన మూడింటికీ జవాబు అయిపోయింది. ఇక నేను చెప్పాలనుకున్నది చెబుతాను.

నాకు పైవరసలో ముందు పళ్ళు రెండూ బయటికి ఉండేవి. ఎడమ కోరపన్నుకి చోటు చాలక పన్ను మీద పన్నుగా వచ్చింది. పన్ను మీద పన్ను అదృష్టం, కదిలించకూడదు అనేది మా నాయనమ్మ. ఆ అదృష్టం ఏం తెచ్చిందో నాకు తెలీదు గానీ ఏడో తరగతిలో నాకో పేరు తెచ్చింది. అది ఇక్కడ రాయను. అప్పుడే సరిచేయించండి అంటే "ఆడపిల్లకి పళ్ళు పీకిస్తారా ఎవరైనా?" అన్నారు. అదే ఇంట్లో వాళ్లు పదేళ్ల తర్వాత పెళ్లిచూపుల ఫోటోకి స్టూడియోకి తీసుకెళ్లి "నోరు మూసుకుని నవ్వమ్మా" అన్నారు. నోరు మూసుకుని ఎలా నవ్వాలో నాకు ఇప్పటికీ రాదు. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మాత్రం బాగా వచ్చింది.

34లో ఎందుకు పూనుకున్నానంటే చిగుళ్ల వల్ల. పన్ను మీద పన్ను ఉన్నచోట బ్రష్ వెళ్లదు. అక్కడ గార పట్టి, చిగురు వాచి, పొద్దున్నే నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎర్రగా వచ్చేవి. నిజం చెప్పాలంటే అందం కోసం కూడా. కానీ చిగుళ్లంటే మా అత్తగారు కాదనలేరని ముందు ఆ మాటే చెప్పాను. అయినా ఆవిడ ఆగలేదు. "ఇప్పుడెందుకమ్మా, పెళ్లి అయిపోయిందిగా!" అన్నారు. అంటే పళ్ళు పెళ్లి కోసం మొలుస్తాయన్నమాట, నమలడానికి కాదు.

హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర సందుకో పళ్ళ డాక్టరు ఉన్నారు. నన్నడిగితే, పళ్ళు సరిచేయడంలోనే ఎండీఎస్ అనే పై డిగ్రీ చేసినవాళ్ల దగ్గరికి తప్ప వెళ్లకండి. బోర్డు మీద డిగ్రీ చదవడానికి సిగ్గుపడకండి. నేను చూపించుకున్న మొదటి చోట ఐదు నిమిషాలు నోట్లోకి చూసి, ఎక్స్‌రే కూడా తీయకుండా "ఆరు నెలల్లో అయిపోతుంది మేడమ్, ఈఎంఐ ఉంది" అన్నారు. రెండో చోట మొత్తం దవడకి ఒక ఎక్స్‌రే, తలకి పక్కనుంచి ఒకటి తీసి, పళ్ళకి అచ్చులు పోసి, వారం తర్వాత రమ్మన్నారు. ముందు చిగుళ్లు బాగుపడాలి, ఆ తర్వాతే తీగలు అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఆ తర్వాత చెప్పింది నచ్చలేదు. నాలుగు పళ్ళు తీసేయాలట!

పుచ్చినవి కావు, శుభ్రంగా ఉన్నవి. కోరపళ్ళ వెనక ఉండేవి, పైన రెండు, కింద రెండు. ఎదిగే పిల్లలకైతే దవడ పెరుగుదలని కొంత మలుచుకోవచ్చట. మనకి ఎముక ఎదగడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి పళ్ళకి చోటు ఎక్కడినుంచో తేవాలి. అందరికీ తీయరు, నా నోట్లో అంత ఇరుకు. రెండు విడతల్లో తీశారు. మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి తెలీలేదు. ఆ పళ్ళు కాగితంలో చుట్టి చేతికిచ్చినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. చిన్నప్పుడు పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లం. ఇప్పుడుండేది నాలుగో అంతస్తు, మా పైన ఇంకో మూడున్నాయి. ఆ పొట్లం ఇంకా నా గాజుల పెట్టెలోనే ఉంది.

కార్తీకమాసంలో క్లిప్పులు పెట్టారు. మామూలు స్టీలువి, 52 వేలు. పంటి రంగులో కలిసిపోయే సిరామిక్‌వి 75 వేలన్నారు. ఎవరికీ కనపడకుండా ఉండాలని ఇంకో 23 వేలు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. వాళ్లు చూస్తే చూడనీ. కానీ తీగని పట్టి ఉంచే చిన్న చిన్న రబ్బరు రింగులు తెల్లవి అడిగి తప్పు చేశాను. తెలుగువాళ్ల ఇంట్లో తెల్ల రబ్బరు రింగులా! వారం తర్వాత పులిహోర తిన్నాను. సాయంత్రానికి నా పళ్ళకి పసుపు కుంకాల పేరంటం జరిగినట్టుంది. నెల తర్వాత మార్చేదాకా అంతే. బూడిద రంగువి అడగండి. ఈ ముక్క ఏ డాక్టరూ చెప్పలేదు, మా అమ్మాయి చెప్పింది. దానికి ఎనిమిదేళ్లు.

నొప్పి సంగతి. పెట్టిన రోజు నాకు పెద్దగా ఏమీ తెలీలేదు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఇడ్లీ కూడా నమలాల్సిన వస్తువేనని తెలుస్తుంది. పెరుగన్నం మెత్తగా పిసికి మింగాను. తీగ నెట్టేవైపు ఎముక కొంచెం కొంచెంగా కరిగి, అవతలి వైపు కొత్తది కడుతూ ఉంటే పన్ను జరుగుతుంది. నెలకి ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఇల్లు మొత్తం లేపి పక్కకి జరిపినట్టు, ఊరికే అవుతుందా మరి. ఆ నొప్పి ఓర్చుకోగలం. అసలు బాధ బుగ్గల లోపల పుండ్లు. స్టీలు రాసుకుని రాసుకుని పూస్తాయి. ఆవకాయ మొదటి నెలంతా డబ్బా మూత కూడా తీయలేదు. తెనాలిదాన్ని, ఈ మాట రాయడానికే కష్టంగా ఉంది.

ఇప్పుడు ఓ పెళ్లి గురించి చెప్పాలి. మూడో నెలలో, మాఘమాసంలో, మా పిన్ని కూతురి పెళ్లికి తెనాలి వెళ్లాను. గట్టివి తినొద్దని డాక్టరు చెప్పారు. పెళ్లికూతుర్ని చేసిన రోజు రాత్రి అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే మధ్యలో చెక్కల డబ్బా పెట్టారు. ఒక్కటే కదా అనుకున్నా. శనగపప్పు ఉన్నచోటే కొరికాను. టక్కుమంది. చివరి దవడపన్నుకి ఉన్న గొట్టంలోంచి తీగ కొస బయటికొచ్చి బుగ్గలోకి దిగింది. మాట్లాడితే గుచ్చుకుంటోంది, ఊరుకున్నా గుచ్చుకుంటోంది. మైనం అద్దాను, ఊడిపోయింది. దూది పెట్టాను, తడిసి జారిపోయింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి సోమవారం రమ్మంది. అది గురువారం రాత్రి తొమ్మిదిన్నర. డాక్టరు గారికి వాట్సాప్‌లో ఫోటో పెడితే పాపం ఆవిడే ఫోన్ చేసి, "మరీ తప్పకపోతే చిన్న కట్టరు వేడినీళ్లలో మరిగించి కొస కత్తిరించండి, ముక్క మాత్రం మింగకండి" అన్నారు. ఇంట్లో గోళ్ల కత్తెర అంత వెనక్కి వెళ్లట్లేదు.

అప్పుడు మా మావయ్య, "అమ్మాయ్, ఆచారి గారు మేలుకునే ఉంటారు, పద" అని బండి తీశాడు. పెళ్లిళ్ల రోజులు కదా, కంసాలి కొట్టు తెరిచే ఉంది. ఆచారి గారికి డెబ్భై దాటాయి. మా అమ్మ మంగళసూత్రాలు చేసింది ఆయనే. నేను నోరు తెరిచి చూపించగానే ఆయన కంగారుపడలేదు, జాలిపడలేదు, ఈ వయసులో ఇదేంటి అనలేదు. కంటికి భూతద్దం పెట్టుకుని, బల్లదీపం నా వైపు తిప్పి, "పని బాగా చేశారమ్మా" అన్నారు. నా పళ్ళని ఒక పనిగా చూసి మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

అన్నిట్లోకీ సన్న కత్తెర, సన్న శ్రావణం (కంసాలి పట్టకారు) ఏరి, టీ కాచుకునే గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశారు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నారు. శ్రావణంతో తీగ కొస పట్టుకుని, ఇంకో చేత్తో కత్తెర వేశారు. ఒక్క క్షణం. సెంటీమీటరు కూడా లేని ముక్క శ్రావణం చివర మిగిలింది. బుగ్గ మీద బరువు దించినట్టయింది.

నేను లేవబోతే ఆయన కూర్చోమన్నారు. ఆ ముక్కని వదల్లేదు. రెండు శ్రావణాల మధ్య వంచి చూశారు. చలి రాత్రి, మెత్తగా వంగింది, చాలావరకు వంగినట్టే ఉండిపోయింది. "ఇది స్టీలు కాదే" అని అదే గిన్నెలోని వేడినీళ్లలో ముంచారు. ముక్క టక్కున తిన్నగా అయిపోయింది. ఆచారి గారు గిన్నె వైపు, నా వైపు చూశారు. మళ్ళీ వంచారు, మళ్ళీ ముంచారు, మళ్ళీ తిన్నగా అయింది. పనివాడిని పిలిచి చూపించారు. పక్క కొట్టు ఆయన్ని పిలిచారు. "బంగారానికి ఈ గుణం లేదురా. యాభై ఏళ్లు కొట్టాను, ఎటు వంచితే అటే." ఇంటి దగ్గర పెళ్లికూతురికి గోరింటాకు పెడుతున్నారు, ఇక్కడ నలుగురు మగాళ్లు నా నోట్లోంచి తీసిన తీగముక్కతో ఆడుకుంటున్నారు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. అది నికెల్, టైటానియం కలిపిన లోహం. 1960ల మొదట్లో అమెరికా నౌకాదళ ఆయుధాల ప్రయోగశాలలో బయటపడిందట. మడతలు పెట్టిన ముక్కని ఒక అధికారి పొగాకు పైపు వెలిగించుకునే లైటర్‌తో వేడి చేస్తే అందరి ముందూ తిన్నగా సాగిందట. అదే పని తెనాలిలో టీ గిన్నెతో జరిగింది. చల్లగా ఉంటే మెత్తబడుతుంది, నోటి వేడికి తన అసలు ఆకారం గుర్తొచ్చి పళ్ళని లాగుతుంది. వేడి కాఫీ తాగితే ఎందుకు సలుపుతోందో, చల్లటి మజ్జిగకి ఎందుకు హాయిగా ఉంటోందో అప్పుడర్థమైంది. పుస్తకంలో చదివితే ఇది నాకు ఎక్కేది కాదు.

అందరూ కంసాలి దగ్గరికి పరిగెత్తండని చెప్పట్లేదు. పన్నుకి అతికించిన లోహపు ముక్క ఊడినా, ఇంకేమైనా అయినా డాక్టరు దగ్గరికే వెళ్లండి. డాక్టరు గారు సోమవారం చూసి కోప్పడలేదు. "ఎవరు కట్ చేశారు? నీట్‌గా ఉంది" అన్నారంతే.

18 నెలలన్నది 22 అయింది. తర్వాత స్టీలు తీగలకి మార్చారు, చివర్లో పైకీ కిందకీ రబ్బర్లు తగిలించుకున్నాను. అదంతా విసుగే తప్ప చెప్పుకోడానికేమీ లేదు. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, క్లిప్పులు లేకుండా పారదర్శకమైన తొడుగులు కొరియర్‌లో పంపిస్తామని ప్రకటనలు. తొడుగులు మంచివే, మా కొలీగ్‌కి పనిచేశాయి. రోజుకి 20, 22 గంటలు పెట్టుకునే క్రమశిక్షణ ఆమెకుంది, పైగా డాక్టరు చూస్తూ చేశారు. ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్లు చూడకుండా పార్సిల్‌లో పళ్ళు సరిచేస్తామంటే ఎలా నమ్ముతారండీ? చెప్పులు కొన్నా వేసుకుని చూసి కొంటాం.

డబ్బు కట్టేముందు నేను అడగనిదీ, మీరు అడగాల్సిందీ ఒకటుంది, రిటైనరు. అంటే సరిచేసిన పళ్ళని కదలకుండా పట్టి ఉంచేది. క్లిప్పులు తీసేశాక అసలు కథ అదే, దాని డబ్బు వేరేగా తీసుకుంటారని నాకు ఆఖరి రోజు తెలిసింది. పళ్ళు పాత చోటికి పోదామని చూస్తూనే ఉంటాయి, కింది ముందు పళ్ళు మరీను. మొదట్లో పగలూ రాత్రీ, తర్వాత రాత్రిళ్లు పెట్టుకోవాలి. ఎన్నాళ్లు అంటే డాక్టరు గారు నవ్వారు.

నేను ఏడాది పెట్టుకున్నాను. తర్వాత రెండు నెలలు బద్ధకించాను. మొన్న సంక్రాంతికి ముందుగా తెనాలి వెళ్లి, మా అమ్మాయి చెవి రింగు అతికించడానికి ఆచారి గారి కొట్టుకెళ్లాను. ఆ తీగముక్క ఇంకా ఆయన అగ్గిపెట్టెలో ఉంది, వచ్చినవాళ్లకి చూపిస్తున్నారట. "ఏదమ్మా, పళ్ళు చూపించు" అన్నారు. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా చూపించాను. భూతద్దం పెట్టుకుని పైవరస చూసి తలూపారు. కిందవరస దగ్గర ఆగారు. "ఎడం వైపు ఒకటి పిసరంత తిరిగిందే. అచ్చులోంచి ముందే తీసేశావా?"

ఇంటికెళ్లి అద్దంలో ఎంత చూసినా నాకు కనపడలేదు. నాలుకతో తడిమితే తెలిసింది. ఆ రాత్రి మా ఆయనకి ఫోన్ చేసి సొరుగులో నీలం డబ్బా ఉంటుంది తీసుకురమ్మన్నాను. భోగి రోజు రైలు దిగి డబ్బా చేతికిచ్చారు. పెట్టుకుంటే రెండు రోజులు బిగుతుగా, మళ్ళీ ఆ మొదటి నెల నొప్పే. అరిసెలు పాలలో నానబెట్టుకుని తిన్నాను.