హాస్టల్ పిల్లల నిబ్బరాన్ని కొలవబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి, హనుమకొండ నుంచి నీ పెద్దబాపు ఆశీస్సులు.

ఇంటర్ హాస్టళ్లలో పిల్లల మానసిక నిబ్బరాన్ని కొలుస్తానని నీవు పంపిన పరిశోధన ప్రణాళిక ఆసాంతం చదివాను. నీవు ఎంచుకున్న కానర్, డేవిడ్‌సన్‌ల 2003 నాటి ప్రశ్నావళి, 25 అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు వేసి 100కు లెక్కగట్టేది, పేరున్నదే. కానీ దానిని మొదట పెద్దవారిపై పరీక్షించారు, వాడుకోవాలంటే రచయితల అనుమతీ కావాలి. నీవు కలవబోయేది ములుగు, భూపాలపల్లి పల్లెల నుంచి ఇల్లు వదిలి వచ్చిన పదహారు, పదిహేడేళ్ల పిల్లలను. వాళ్ల నిబ్బరంలో ఇంటివాళ్ల వాటా, పక్క మంచం స్నేహితుల వాటా ఎంతో ఉంటుంది కనుక, కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో మైకేల్ అంగర్ బృందం పిల్లల కోసమే రూపొందించిన కొలమానాన్ని ఒకసారి చూడు. దాని సవరించిన రూపంలో 17 అంశాలుంటే, 7 పెంచినవారితో ఉన్న అనుబంధం గురించినవే.

ఏ కొలమానమైనా, తెలుగు చేయించాక ముందుగా నలుగురైదుగురు పిల్లలతో పైకి చదివించి, ఏమి అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించు. ఉదాహరణకు, నిబ్బరాన్ని కొలవడానికే 2008లో వచ్చిన ఆరు ప్రశ్నల చిన్న కొలమానంలో మూడు ప్రశ్నలు వ్యతిరేకార్థంలో ఉంటాయి, వాటి మార్కులను తిరగేసి లెక్కించాలి. అలసిన పిల్లవాడు పైనుంచి కిందికి ఒకే గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయాడా లేదా అన్నది అక్కడే బయటపడుతుంది. అటువంటి పత్రాలను విడిగా పెట్టు. వార్డెన్ గదిలో నిలబడి ఉంటే మాత్రం అన్ని పత్రాలూ అనుమానించవలసినవే.

అసలు చిక్కు వేరే ఉంది. కష్టం ఎదురుకాని పిల్లవాడికి ఎక్కువ మార్కులు వస్తే అది నిబ్బరమని ఎలా అంటాము? అందుకే ఈ ఏడాది వాళ్లకు ఎదురైన ఇబ్బందులేమిటో కూడా అడుగు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించబట్టే, గడ్డు పరిస్థితుల్లో పెరిగినవారిలో సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారని తెలిసింది. నీకు అంత గడువు లేదు. కనీసం దసరా సెలవుల తరువాత ఒకసారి, సంక్రాంతి తరువాత మరొకసారి కొలువు. పరీక్షల ఫలితాలు వచ్చిన వారంలో మాత్రం వెళ్లకు.

తల్లిదండ్రుల అనుమతి పత్రం ఎలాగూ తీసుకుంటావు, పిల్లల ఇష్టాన్నీ విడిగా అడుగు. పేర్లతో ఉన్న మార్కులను యాజమాన్యానికి ఇవ్వకు. ర్యాంకులకు అలవాటుపడినవారు, ఈ అంకెలతోనూ సెక్షన్లు విడగొట్టగలరు. ఏ పిల్లవాడి జవాబులైనా కలవరపెడితే ఆ రోజే మాట్లాడేందుకు ఒక కౌన్సెలర్‌ను ముందే ఒప్పించు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ప్రతి పత్రం అడుగున వేయించు. ఆ ఏర్పాటు కుదిరాకే పత్రాలను అచ్చుకు ఇవ్వు.

ఇట్లు,
నీ పెద్దబాపు