మ్యూజియంలోని పాత జీపు ఎక్కడిదో ఎలా తేల్చాలి?

అమలాపురం దగ్గర ఓ చిన్న మ్యూజియంలో ఉన్న మిలిటరీ జీపు నిజంగా రెండో ప్రపంచ యుద్ధం నాటిదేనా, ఎవరు చేశారు అని అడిగారు.

బోర్డు సంగతి వదిలేసి ముందు గ్రిల్ చూడండి. నిలువు కంతలు తొమ్మిది ఉంటే యుద్ధకాలపు నమూనా. ఏడే ఉండి బానెట్ బాగా ఎత్తుగా ఉంటే సీజే-3బీ, అంటే మన దేశంలో మహీంద్రా వాళ్లు చేసిన రకం. మా చిన్నప్పుడు కొబ్బరికాయల లోడు మోసిన జీపు అదే! వెనక కిందికి తెరుచుకునే తలుపున్నా అనుమానించాల్సిందే, యుద్ధకాలపు బండికి అది ఉండదు.

తొమ్మిది కంతలున్నాయనుకోండి, అసలు పని అప్పుడు మొదలవుతుంది. 1941-45 మధ్య ఒకే డిజైన్‌తో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. సిబ్బందిని అడిగి, ముందు వైపు వంగి, రేడియేటర్ కింద చాసిస్‌కు అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీని తడిమి చూడండి. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం కొట్టేవారు. మన ఉప్పుగాలి తుప్పులో అది కనపడాలంటే గుడ్డతో గట్టిగా రుద్దాలి. అలాగని ఒక్క బోల్టును నమ్మకండి. ఇన్నేళ్లలో ఏ షెడ్డులో ఏ బండి బోల్టు దీనికి బిగించారో దేవుడికే తెలియాలి. చాసిస్ కమ్మీని మార్చడం మాత్రం అంత తేలిక కాదు.