టీవీ ముందు టెన్నిస్ ఆడితే పిల్లలకు వ్యాయామం సరిపోతుందా?

ప్రశ్న: మాకు 7 ఏళ్ల బాబు, 4 ఏళ్ల పాప ఉన్నారు. రిమోట్ పట్టుకుని చేయి ఊపితే తెరపై టెన్నిస్, బౌలింగ్, బాక్సింగ్ ఆడగలిగే వీడియో గేమ్ ఇటీవల కొన్నాం. సెలవు రోజుల్లో నలుగురం కలిసి ఆడుతున్నాం. గత వారం బాబు చేయి విసిరినప్పుడు రిమోట్ పాప నుదుటికి తగిలి బొప్పి కట్టింది, ఇప్పుడు తగ్గిపోయింది. మొన్న రెండు గంటలు టెన్నిస్ ఆడాక బాబు కుడి భుజం నొప్పి అంటున్నాడు. ఈ ఆటను వ్యాయామంగా లెక్కించవచ్చా? బయట ఆడుకోవడం తగ్గినా ఫర్వాలేదా? పాపను ఆడనివ్వవచ్చా?

సలహా: ముందుగా పాప సంగతి చూద్దాం. దెబ్బ తగిలి వారం గడిచింది కాబట్టి, పాప ఎప్పటిలాగే తింటూ, నిద్రపోతూ, ఆడుకుంటూ ఉంటే స్కానింగ్ అవసరం లేదు. ఇకముందు ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మొదటి రెండు రోజులు జాగ్రత్తగా గమనించండి. పదేపదే వాంతులు, లేపినా లేవలేనంత మత్తు, నడకలో తూలడం, ఫిట్స్, అంతకంతకూ పెరిగే తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ ఆటల విషయంలో తల్లిదండ్రులు కంటిచూపు గురించే ఎక్కువగా బెంగపడతారు. నన్నడిగితే, చిన్న పిల్లలున్న ఇంట్లో ముందుగా భయపడవలసింది ఊగే చేతికే. ఆడేవారి చూపంతా తెరపైనే ఉంటుంది కాబట్టి పక్కకు ఎవరు వచ్చారో, వెనక ఎవరున్నారో వారికి తెలియదు. పైగా 7 ఏళ్ల పిల్లవాడు భుజం ఎత్తులో చేయి విసిరితే, అది ఇంచుమించు 4 ఏళ్ల పిల్ల ముఖం ఎత్తులోనే వస్తుంది. అందువల్ల ఆడేవారు రెండు చేతులూ బారచాపి ఒక చుట్టు తిరిగినా గోడకు, సామానుకు, మనిషికి తగలనంత ఖాళీ ఉండాలి. పాప వంతు కానప్పుడు ఆమె ఒక పెద్దవారి ఒడిలోనో, పక్కనో కూర్చోవాలి. రిమోట్‌కు ఉండే మణికట్టు పట్టీని ప్రతిసారీ తగిలించాలి. 2006 నవంబర్‌లో, ఇలాంటి రిమోట్‌తో ఆడే నింటెండో కంపెనీ గేమ్ పరికరం ‘వీ’ (Wii) మార్కెట్లోకి వచ్చిన కొద్ది వారాలకే పట్టీలు తెగి రిమోట్లు ఎగిరిపడుతున్నాయని ఫిర్యాదులు రావడంతో, ఆ కంపెనీ మరింత గట్టి పట్టీలను ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. చెమట పట్టిన చేతిలో రిమోట్ జారడానికి క్షణం చాలు.

ఇక్కడే మరొక మాట చెప్పాలి. అడ్డం వచ్చిన పాపను పక్కకు తప్పించే తొందరలో మణికట్టు పట్టుకుని ఒక్కసారిగా లాగకండి. ఐదేళ్ల లోపు పిల్లల్లో అలా లాగినప్పుడు మోచేతి దగ్గరి ఎముక కొస తన స్థానం నుంచి కాస్త జారుతుంది. వాపు కనిపించదు కానీ పిల్ల ఆ చేతిని వేలాడేసుకుని, వాడకుండా ఉండిపోతుంది. డాక్టర్ దాన్ని నిమిషంలో సరిచేయగలరు, ఇంట్లో మాత్రం ప్రయత్నించవద్దు.

పాప ఆడవచ్చు. అయితే ఆ వయసులో తెర మీది బంతికి, చేతి కదలికకు సమయం కుదరడం కష్టం కాబట్టి గెలుపోటములు లేకుండా, మీతోపాటు పది, పదిహేను నిమిషాలు గెంతితే చాలు. తలకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీ పరికరాలను మాత్రం ఇద్దరికీ ఇవ్వకండి.

ఇక వ్యాయామం విషయానికి వస్తే, కుర్చీలో కదలకుండా ఆడే ఆటల కంటే ఇది కచ్చితంగా మేలు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిని 1 అనుకుంటే, పెద్దవారిపై జరిగిన కొలతల్లో ఇలాంటి బౌలింగ్‌కు సుమారు 2.6, టెన్నిస్‌కు 3, బాక్సింగ్‌కు 4 చొప్పున ఖర్చయింది. మధ్యస్థ వ్యాయామం 3 దగ్గర మొదలవుతుంది. అంటే బౌలింగ్ ఆ గీతకు దిగువనే ఆగిపోతుంది, బాక్సింగ్ దాన్ని దాటుతుంది. కానీ రిమోట్ కొలిచేది చేతి కదలికను మాత్రమే, మొత్తం శరీరాన్ని కాదు. సోఫాలో చేరబడి మణికట్టును చిన్నగా ఆడించినా బంతి వెళ్తుందని పిల్లలు రెండు మూడు రోజుల్లోనే కనిపెడతారు. ఆ తరువాత అది పేరుకే టెన్నిస్. 2012లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 9 నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఇలాంటి గేములు ఇచ్చి, కదలికలను కొలిచే పరికరంతో పరిశీలించగా, మామూలు వీడియో గేములు తీసుకున్న పిల్లల కంటే వారి మొత్తం శారీరక శ్రమ ఏమీ పెరగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం బాబుకు రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థ లేదా తీవ్రమైన శారీరక శ్రమ కావాలి. పాపకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలి, అందులో 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఉండాలి. పరుగు, ఎక్కడం, దూకడం, నిజమైన బంతిని విసిరి పట్టుకోవడం ఈ గేము నేర్పదు. కాబట్టి బయటి ఆటలు తగ్గితే ఫర్వాలేదని చెప్పలేను. వాన పడుతున్న సాయంత్రం సోఫాలో కూర్చోవడానికి బదులుగా ఆడితే లాభం, మైదానానికి బదులుగా ఆడితే నష్టం.

గదిలో దీపం వెలిగించి, తెరకు దూరంగా నిలబడి ఆడించండి. ఆట మధ్యలో పిల్లలు పిలిచినా పలకకుండా శూన్యంలోకి చూస్తుండిపోయినా, చేతులు అదిరినా వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించాలి. మెరిసే వెలుగుల వల్ల ఫిట్స్ వచ్చే స్వభావం కొందరు పిల్లల్లో ఉంటుంది.

బాబు భుజం నొప్పి బహుశా అలవాటు లేని శ్రమ వల్ల వచ్చినదే. 2007లో ఒక వైద్య పత్రికలో, వీ టెన్నిస్ గంటల తరబడి ఆడిన 29 ఏళ్ల యువ వైద్యునికి భుజం టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) వాచిన సంగతి ప్రచురితమైంది. బరువైన రాకెట్ లేకపోవడం, ఎదుటి నుంచి బంతి తగలకపోవడం వల్ల చేయి అలసిన సంగతి ఆడేవారికి ఆలస్యంగా తెలుస్తుంది. నొప్పి పూర్తిగా పోయేవరకు ఆ చేతితో ఆట ఆపించండి, మామూలు కదలికలను మాత్రం ఆపవద్దు. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఒక్కో విడత 20 నిమిషాలకు మించకుండా, చేతులు మారుస్తూ, ఆటలు మారుస్తూ ఆడించండి. రెండు వారాలైనా నొప్పి తగ్గకపోయినా, రాత్రి నిద్ర నుంచి లేపుతున్నా, చేయి పైకెత్తలేకపోయినా, జ్వరం లేదా వాపు ఉన్నా పిల్లల వైద్యునికి చూపించండి. అంతవరకు నొప్పి మాత్రలు వేసి ఆడించవద్దు.