డీప్ స్లీప్ పెట్టినా సెల్ రెండు వారాలు కూడా ఎందుకు రావట్లేదు?

ట్యాంక్ లెవల్ సెన్సర్‌కి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్) డెవలప్‌మెంట్ బోర్డు, 2600 ఎంఏహెచ్ 18650 లిథియం సెల్ వాడారు. పావుగంటకోసారి లేచి వైఫైలో రీడింగ్ పంపుతోంది. డేటాషీట్‌లో డీప్ స్లీప్ (చిప్ దాదాపు అన్నీ ఆపేసి నిద్రపోవడం) కరెంట్ 10 మైక్రో ఆంప్స్ అని ఉన్నా సెల్ పట్టుమని రెండు వారాలు రావట్లేదు, కోడ్‌లో తప్పెక్కడుంది అని అడిగారు. కోడ్ కాసేపు పక్కన పెట్టండి. డేటాషీట్ చెప్పేది ఒట్టి చిప్ సంగతి. మీ సెల్‌ని తినేస్తున్నది దాని చుట్టూ ఉన్న బోర్డు.

నేను హైదరాబాద్ కుషాయిగూడలో ఓ చిన్న యూనిట్‌లో బ్యాటరీ సెన్సర్ బోర్డులు డిజైన్ చేస్తాను. బ్యాటరీ నిలవట్లేదని నా దగ్గరికొచ్చే బోర్డుల్లో ముందు చూసేది రెగ్యులేటరే, అంటే సెల్ వోల్టేజ్‌ని చిప్‌కి కావలసిన 3.3 వోల్ట్లకి దించే భాగం. ఈ డెవలప్‌మెంట్ బోర్డుల మీద ఎక్కువగా ఏఎంఎస్1117 ఉంటుంది. ఏ పనీ లేకపోయినా అదొక్కటే సుమారు 5 మిల్లీ ఆంప్స్ తాగుతుంది. పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ కలిస్తే 8 దాకా పోవచ్చు. 2600ని 8తో భాగిస్తే 325 గంటలు, అంటే పదమూడున్నర రోజులు. పైగా ఏఎంఎస్1117కి అవుట్‌పుట్ కంటే దాదాపు ఒక వోల్ట్ ఎక్కువ ఇన్‌పుట్ కావాలి. 3.7 వోల్ట్ల సెల్‌తో 3.3 నిలబడదు. వైఫై ఆన్ అవ్వగానే వోల్టేజ్ పడిపోయి, బ్రౌనౌట్ రీసెట్ అయి మళ్లీ మొదటి నుంచి బూట్ అవుతుంది.

ఏదైనా మార్చే ముందు కొలవండి. మల్టీమీటర్‌ని మైక్రో ఆంప్స్ రేంజ్‌లో సిరీస్‌లో పెడితే బూట్ అయ్యేటప్పుడు మీటర్ లోపలి రెసిస్టెన్స్ వల్ల బోర్డు లేవదు. మీటర్ రెండు ప్రోబ్‌ల మధ్య ఒక స్విచ్ పెట్టండి. బూట్ అయ్యేవరకు ఆన్‌లో ఉంచి, నిద్రలోకి వెళ్లాక ఆఫ్ చేస్తే అసలు స్లీప్ కరెంట్ కనిపిస్తుంది. మళ్లీ లేచేలోపు ఆన్ చేసేయండి.

తర్వాత డెవలప్‌మెంట్ బోర్డు బదులు ఒట్టి ఈఎస్‌పీ32 మాడ్యూల్ తీసుకుని హెచ్‌టీ7833 లాంటి రెగ్యులేటర్ వేయండి, తన కోసం కొన్ని మైక్రో ఆంప్స్ మాత్రమే తీసుకుంటుంది. వైఫై ఆన్ అయినప్పుడు వోల్టేజ్ పడిపోకుండా పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఈ భాగాల కోసం కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి చూడండి. నిద్రలో ఉన్నప్పుడు సెన్సర్ సప్లైని పీ-చానెల్ మాస్‌ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) కట్ చేయండి. గేట్‌కీ సోర్స్‌కీ మధ్య ఒక మెగాఓమ్ రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే నిద్రలో గేట్ గాలిలో తేలి సెన్సర్ ఆన్ అయిపోవచ్చు. బ్యాటరీ వోల్టేజ్ చూడ్డానికి రెండు 10 కిలోఓమ్ రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టుంటే అక్కడే 200 మైక్రో ఆంప్స్ పోతాయి, చిప్ నిద్రకి ఇరవై రెట్లు!

ఇవన్నీ సరిచేశాక మిగిలేది వైఫై ఖర్చు. కనెక్ట్ అవ్వడానికి 5 సెకన్లు, సగటున 120 మిల్లీ ఆంప్స్ అనుకుంటే రోజుకి 96 సార్లకి 16 ఎంఏహెచ్. సెల్ అయిదు నెలలు వస్తుంది. ఈఎస్‌పీ-నౌ (ఈఎస్‌పీ బోర్డులు నేరుగా ఒకదానికొకటి డేటా పంపుకునే పద్ధతి) వాడితే రౌటర్‌తో పనే లేదు, సెకనులో కొంత భాగంలో పంపేసి పడుకుంటుంది. మా టెర్రస్ ట్యాంక్‌కి అదే పెట్టాను, కింద ఇంట్లో కరెంట్‌కి ప్లగ్ చేసిన ఇంకో ఈఎస్‌పీ32 అందుకుంటుంది. నీటి మట్టం మారనప్పుడు అసలు పంపకపోతే ఇంకా మిగులుతుంది.

డబ్బాని మాత్రం ట్యాంక్ నీడ పడే వైపు బిగించండి. మే నెల ఎండకి మూసిన డబ్బాలో వేడి బయటికంటే చాలా ఎక్కువ, ఆ వేడికి లిథియం సెల్ త్వరగా ముసలిదవుతుంది.