బాణం చూపే దూరం వేరు, బాట దూరం వేరు

ప్రశ్న: మేము అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాము. పదమూడేళ్ల మా అబ్బాయికి ఈమధ్య జియోకాషింగ్ మీద, అంటే ఎవరో దాచిన డబ్బాను (దాన్నే ‘కాష్’ అంటారు) జీపీఎస్ సాయంతో వెతికే ఆట మీద, ఆసక్తి కలిగింది. డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, పికాచో పీక్ అనే కొండ పైభాగాన ఉన్న ఒక కాష్ కోసం హంటర్ ట్రయల్ అనే బాట మీదుగా బయలుదేరాము. సాడిల్ (రెండు శిఖరాల నడుమ పల్లంగా ఉండే చోటు) చేరేసరికి కాష్ ఇంకా 260 మీటర్లే ఉందని ఫోన్ చూపింది. బాట మాత్రం అవతలివైపు కిందికి దిగిపోతోంది. దారి తప్పామనుకొని ఫోన్‌లోని బాణం చూపిన వైపు బండల మీదుగా ఎక్కబోయాము. కొంత ఎక్కాక ముందుకు పోలేక, దిగడానికి భయపడి, అబ్బాయి పిక్కలో చోయా అనే ఎడారి ముళ్లమొక్క (కాక్టస్) ముళ్లు దిగి, చీకటి పడుతుండగా ఎలాగో కిందికి చేరాము. మా పొరపాటు ఎక్కడ జరిగింది? మళ్లీ వెళ్లవచ్చునా?
– ఒక పాఠకుడు, చాండ్లర్

జవాబు: వెళ్లవచ్చును. అయితే ముందుగా ఆ 260 మీటర్ల సంగతి తేల్చుకోవాలి. ఫోన్ చూపేది మీరు నిలబడిన చోటి నుంచి కాష్ దాకా గాలిలో తాడు బిగించి కొలిచినట్టుండే దూరమే తప్ప నడవవలసిన దూరం కాదు. మధ్యలో నిలువు బండ ఉన్నదో లోయ ఉన్నదో దానికి పట్టదు. పికాచో పీక్ ఎత్తు 3,374 అడుగులు. హంటర్ ట్రయల్ పొడవు ఒకవైపే 2 మైళ్లు. సాడిల్ దాటగానే ఆ బాట కొండ వెనుకవైపు బాగా దిగి, ఆ తరువాతే మళ్లీ పైకి తిరుగుతుంది. ఎక్కినదంతా దిగవలసి రావడం ఎవరికైనా మింగుడు పడదు కాబట్టి మీరు బాటను అనుమానించడంలో వింత లేదు. కానీ అక్కడ సరైన దారి ఆ దిగుడే. అది దాటాక బండకు బిగించిన ఉక్కు తీగలను పట్టుకొని ఎక్కవలసిన చోట్లు వస్తాయి. చేతి తొడుగులు లేనిదే అరచేతులు కమిలిపోతాయి.

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతాలలో కావాలని కలుపుతున్న తప్పును తొలగించింది. మే 3న ఆరెగాన్‌లో డేవ్ అల్మర్ ఒక బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించడంతో ఈ ఆట మొదలైంది. అక్షాంశంలో నిమిషపు (డిగ్రీలో అరవయ్యో వంతు) వెయ్యో వంతు అంటే రెండు మీటర్లకన్నా తక్కువే. ఫోన్ తెరపై అంత సూక్ష్మమైన అంకె కనబడితే నమ్మకం కలగడం సహజమే గాని, ఎత్తైన రాతిగోడల పక్కన సంకేతాలు గోడకు తగిలి తిరిగివచ్చి, బాణం ఉన్నపాటున పక్కకు తిరిగిపోతుంటుంది. బాటలో నడిచినంతసేపూ బాణాన్ని పట్టించుకోకండి. కాష్ పక్కగా బాట ఎక్కడ వెళుతుందో ముందే మ్యాపులో చూసుకొని, ఆ చోటు చేరాకే ఫోన్ తీయండి.

కాష్ వివరాలలో రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వెతకడంలోని కష్టాన్ని, రెండవది అక్కడికి చేరడంలోని కష్టాన్ని 1 నుంచి 5 వరకు చెబుతాయి. చాలామంది మొదటిదే చూస్తారు. ఎడారి కొండల్లో ప్రాణం మీదికి తెచ్చేది రెండవది.

ఇక వేళ. డిసెంబరులో అక్కడ సాయంత్రం 5:20 ప్రాంతానికే పొద్దు గుంకుతుంది కాబట్టి మధ్యాహ్నం బయలుదేరడం మీ రెండవ పొరపాటు. ఉదయం ఎనిమిదికల్లా నడక మొదలుపెట్టి, కాష్ దొరికినా దొరకకపోయినా ఒంటిగంటకు వెనుదిరగాలని అబ్బాయితో ముందే ఒప్పందం చేసుకోండి. చలికాలమైనా మనిషికి మూడు లీటర్ల నీళ్లు, వాటితోపాటు ఉప్పు తగిలే తినుబండారాలు ఉండాలి. మే నుంచి సెప్టెంబరు వరకు ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

చోయా ముళ్లకు కొనల్లో వెనక్కి తిరిగిన సన్నని కొక్కేలుంటాయి. అందుకే చేత్తో లాగితే ఆ కాయలాంటి ముద్ద చేతికి అంటుకుంటుంది. ఒక పళ్లదువ్వెనను చర్మానికీ ముద్దకూ మధ్య దూర్చి, మనుషులు లేని వైపు ఒక్క విసురున ఎగరగొట్టాలి. మిగిలిన ముళ్లను పట్టకారుతో తీయాలి. దువ్వెన సంచిలోనే ఉండాలి, కారులో కాదు.

మామూలు నడకకు లేని ప్రమాదం ఒకటి ఈ ఆటలో ఉన్నది. కాష్‌లను దాచేది రాళ్ల సందుల్లో. రాటిల్‌స్నేక్‌లనే విషపు పాములు, తేళ్లు తలదాచుకునేదీ అక్కడే. కంటికి కనబడని సందులో చేయి పెట్టకుండా, ముందు కర్రతో కదిపి, టార్చి వేసి చూడాలి. అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి అయితే నీడపట్టున తేలు పచ్చగా మెరుస్తూ కనబడుతుంది. పిల్లవాడు ఉత్సాహంలో ముందే చేయి పెట్టేస్తాడు గనుక ఆ పని పెద్దవారే చేయడం మేలు.

డబ్బా దొరికితే అందులోని చిట్టాలో పేరు, తేదీ రాసి, ఉన్నచోటనే అదే తీరున పెట్టండి. అందులో తినే వస్తువులు ఉంచితే వాసనకు జంతువులు డబ్బాను కొరికేస్తాయి. ఈలోగా, జరిగిపోయిన ప్రయాణాన్ని కూడా ఆ కాష్ ఆన్‌లైన్ లాగ్‌లో (వెతికినవారు తమ అనుభవం రాసే చోట) ‘దొరకలేదు’ అని నమోదు చేసి, సాడిల్ దాటాక బాట కిందికే దిగుతుందని ఒక వాక్యం అబ్బాయి చేత రాయించండి.