బిల్లు చదివి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఫోన్ల తాళాలు తీయించే బిల్లుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుందమ్మా. కానీ "న్యూయార్క్ ఒక్క చట్టం చేస్తే నేరస్థుల ఫోన్లన్నీ తెరుచుకుంటాయి" అన్న వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. ఎవరు తెరుస్తారు? పక్క రాష్ట్రంలో కొన్న ఫోను సంగతేమిటి? నువ్వు ఒక్కటీ అడగలేదు.

ఆ న్యూయార్క్ బిల్లు నువ్వు చదవలేదు. 2016 జనవరి 1 నుంచి తయారై న్యూయార్క్‌లో అమ్ముడయ్యే ప్రతి స్మార్ట్‌ఫోన్ తాళాన్నీ తయారీ సంస్థ గానీ ఆపరేటింగ్ సిస్టమ్ సంస్థ గానీ తీయగలిగి ఉండాలని అందులో రాశారు. అలా వీలుకాని ఫోనును తెలిసి అమ్మితే, ఒక్కోదానికి 2,500 డాలర్ల జరిమానా. అంటే పట్టుబడేది దుకాణదారు. నేరస్థుడి ఊసే లేదు. బిల్లు పెట్టిన మాథ్యూ టైటోన్ అప్పట్లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభలో స్టాటెన్ ఐలాండ్ ప్రతినిధి. అది న్యూయార్క్ నగరంలోదే. అక్కడ వంతెన దాటితే న్యూజెర్సీ. మనవాళ్లు అంతమంది కాపురముండే ఎడిసన్‌లో ఫోను కొని, జేబులో వేసుకుని రోజూ మన్‌హట్టన్‌కు పనికి వెళ్లేవారిని ఆ బిల్లు ఏమీ చేయగలిగేది కాదు. కాలిఫోర్నియాలో అప్పటి శాసనసభ్యుడు జిమ్ కూపర్ పెట్టిన బిల్లు కూడా అమ్మకం మీద పెట్టిందే. 2016 ఏప్రిల్‌లో అది ఓటింగుకైనా రాకుండా కమిటీలోనే ఆగిపోయింది. రాష్ట్రాలు ఇలా తలొక నిబంధన పెట్టకుండా ఆపాలని కాంగ్రెస్ సభ్యుడు టెడ్ లియూ అమెరికా కేంద్ర చట్టసభలో వేరే బిల్లు తెచ్చారు.

చట్టం గురించి రాసేవాళ్లు ముందు సరిహద్దు దగ్గరికి వెళ్లి నిలబడాలి. ఈ మాట ఎంతమందికి చెప్పానో! 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చినప్పుడు నేను యానాం మీద రాశాను. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో పుదుచ్చేరి పాలన, అక్కడ నిషేధం లేదు. ఒక వారపత్రిక సంపాదకుడు "మీ అభిప్రాయం చాలు, ఊరి సంగతులెందుకు" అని యానాం భాగమంతా కొట్టేసి మిగిలింది అచ్చువేశాడు. ఆ పారితోషికం మీద ఇంటద్దె ఆధారపడి ఉంది కనుక నోరు మూసుకున్నాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఇప్పటి సంపాదకులూ భద్రత ఒక వైపు, గోప్యత ఒక వైపు పెట్టి, నువ్వు ఏ వైపో చెప్పమంటారు. వారి మాట వినకు.

దర్యాప్తు చేసేవారి బాధ నిజమే. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పుల్లో 14 మంది చనిపోయాక, హంతకుడి ఐఫోన్ తెరవడానికి ఆపిల్ సాయపడాలంటూ అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కోర్టుకెక్కింది. చివరికి బయటివారి సాయంతో తెరిచి, 2016 మార్చిలో కేసు వదులుకుంది. ఇది నీ వ్యాసంలో లేకపోవడం అన్యాయం. అన్ని ఫోన్లకూ పనిచేసే మార్గం ఒకటి పెట్టించాక, అది దొంగల చేతికి చిక్కితే ఏం కావాలో కూడా నువ్వు ఆలోచించలేదు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు న్యూయార్క్, కాలిఫోర్నియా బిల్లులు రెండూ మొదటినుంచి చివరిదాకా చదువు. వ్యాసాన్ని స్టాటెన్ ఐలాండ్‌లో ఫోన్లమ్మే కొట్టు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈసారి అంచులు వెడల్పుగా వదులు, నేను రాయాల్సింది చాలా ఉంటుంది.